బట్టల గది కిటికీ విషయమై సవరణ

కొరింగా క్రీక్,
మార్చి 9.

ప్రియమైన జానిన్‌కు,

కొండమీది పొలం నుండి రస్ వ్రాయు విన్నపము. ఇక్కడ నేను, కుక్క, అరవై రెండు ఆవులు క్షేమం. ఇల్లు కూడా క్షేమమని వ్రాయుటకు తగినంత ఇల్లు ఇంకా లేచి నిలబడలేదు. అడిలైడ్‌లో నీవు, మీ అక్క కోరల్ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. నిమ్మచెట్టు కాలిన మొదలు నుండి చిగురు వేసింది. చిగురు అంటు కట్టిన చోటికి దిగువన వచ్చింది కనుక ఇక ముళ్ళే తప్ప కాయలు ఉండవని పక్క పొలం డల్సీ తీర్పు. కొత్త ఇంటికి గోడలు లేచాయి, కప్పు రేకులు పడ్డాయి. నా నివాసం షెడ్డులోనే, ట్రాక్టరు పక్కన. ట్రాక్టరు ఫిర్యాదు చేయలేదు.

మంగళవారం కౌన్సిల్ నుండి డెక్లన్ అనే యువకుడు తనిఖీకి విచ్చేశాడు. అంతా చూసి, కప్పు అంచు దగ్గర ఆగాడు.

"చూరు దోనెలేవండీ?"

"పెట్టలేదు."

"మరి టాంకులోకి నీళ్ళెలా దిగుతాయి? వానొస్తే ఇంటిల్లిపాదీ బయటికొచ్చి నోళ్ళు తెరుచుకు నిలబడతారా?"

"ఇంటిల్లిపాదీ నేనొక్కడినే."

అతడు ఫారంలో 'పరిశీలనలో ఉంది' అని వ్రాసుకున్నాడు. ఏది పరిశీలనలో ఉన్నదో వ్రాయలేదు.

దోనెలు మూడు వారాలుగా షెడ్డులోనే, కట్టిన కట్ట విప్పకుండా ఉన్నాయి. రోజూ నిచ్చెన వేసి, రెండు మెట్లెక్కి, దిగిపోతున్నాను. దాని కారణం కిటికీ గురించిన నీ చివరి ప్రశ్నలో ఉంది. అందుకే ఆ ప్రశ్నను ఇంతదూరం వాయిదా వేశాను.

అడవి తగలబడటానికి రెండు నెలల ముందు, స్వచ్ఛంద అగ్నిమాపక దళానికి కెప్టెన్ హోదాలో నేను నలభై ఒక్క ఇళ్ళు తిరిగి ఉపన్యసించాను. ఎండుటాకులు నిండిన దోనె అంటే కప్పుకు కట్టిన వత్తి అని హెచ్చరించాను. నీవు మన గోడకు నిచ్చెన ఆనించి, "ఊరందరి చూర్లూ చూస్తావు, మన చూరెప్పుడు చూస్తావు దొరా?" అని మూడుసార్లు అడిగావు. ఆదివారం అన్నాను. ఆదివారం ఆ నిచ్చెనను ఊరి హాలుకు తీసుకుపోయి, 'మీ దోనెలు శుభ్రం చేశారా?' అన్న బ్యానరు కట్టాను. బ్యానరు ఒక్క ముడత లేకుండా వచ్చింది.

నిరుడు జనవరిలో, మంటలప్పుడు అందరినీ తరలించిన మైదానంలో, దుప్పటి కప్పుకుని నీవు అడిగావు: "రస్, బట్టల గది కిటికీ వేశానా నేను? ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు."

"నిప్పురవ్వలు అట్నుంచే దూరుంటాయిలే," అన్నాను.

ఆ వాక్యాన్ని పద్నాలుగు నెలలు నీవు మోశావు. ఊరూ నమ్మింది. నేను ఖండించలేదు. కొత్త ఇంటి ప్లానులో ఆ గదికి కిటికీ ఎందుకు లేదని నీవు అడిగితే, నీ మనసు నొప్పించకూడదని తీసేశానన్నాను. నా జీవితంలో చెప్పిన అబద్ధాలన్నింటిలో మర్యాద గలది అదే.

పోయిన ఆదివారం డల్సీ టీకి పిలిచింది.

"ఏవయ్యా కెప్టెనూ, నా ఇల్లు నువ్వే కాపాడావని నీకు పతకం ఇచ్చారటగా?"

"దళం మొత్తానికి ఇచ్చారు."

"దళం వచ్చేసరికి నా చూరులో కాలడానికి ఒక్క ఆకూ లేదు. నువ్వు బెదరగొట్టి పోయావు కదా, ఎనభయ్యొకటో ఏట నిచ్చెనెక్కి ఆకులన్నీ ఊడ్చాను. నువ్వెక్కావా ఆ ఏడు?"

టీ చల్లారిందన్నాను.

"టీ కాదు నేనడిగేది. అక్కడ అడిలైడ్‌లో ఆ పిల్ల కిటికీ కిటికీ అంటూ చచ్చిపోతోంది."

కనుక నా మీద నేనే జరిపిన విచారణలో తేలిన విషయం. ఆనాడు నాలుగు గంటలకు మా దళం ట్రక్కు మన గేటు దగ్గర ఆగింది. ఉత్తరపు చూరు వెంట, దోనెలో, మంట ఈ కొస నుండి ఆ కొసకు పరుగెడుతోంది. కప్పు లోపల అప్పటికే అంటుకుంది. దాని కింద బట్టల గది కిటికీ వేసి ఉంది. అద్దం వెనుక, నీవు బట్టలారేసే క్లిప్పుల నీలం సంచి కనబడింది. కళ్ళారా చూసి, ట్రక్కు తిప్పించి, డల్సీ ఇంటికి పోయాను.

కెప్టెన్ పదవికి రాజీనామా ఇచ్చాను. గురువారం దళం సమావేశంలో ఇదంతా చదివి వినిపిస్తాను, ఆ బ్యానరు కిందే. నిన్న బట్టల గది గోడ కోయించి కిటికీ పెట్టించాను. దోనెలు రేపు ఎక్కిస్తాను. నిచ్చెన పట్టేవారు లేరు. అది న్యాయమే. రమ్మని అడగటానికి ఈ ఉత్తరం వ్రాయలేదు.

కోరల్ ఇంట్లో రాత్రి మూడుసార్లు లేచి కిటికీలు చూసుకుంటున్నానని వ్రాశావు. ఇక లేవకు. ఆ రోజు నీవు కిటికీ వేసే వెళ్ళావు.

ఇట్లు,
చట్టరీత్యా ఇంకా నీ భర్త,
రస్