పటిక వేసిన దానిమ్మ కషాయం

హిందూపురం, బుధవారం రాత్రి

ఈరోజు ల్యాబ్‌లో నేను గెలిచాను. గిన్నెలో పెంచి రెచ్చగొట్టిన రోగనిరోధక కణాల మీద దానిమ్మ తొక్క సారం వేస్తే, వాపు పుట్టించే వాటి దూకుడు మళ్ళీ తగ్గింది. ఇది గాలివాటం కాదు.

ఆ సంతోషంలో, ధర్మవరంలో పట్టుచీరలు నేసే నాయనకు ఫోన్ చేశాను. నాయన నాకంటే ముందే ఉన్నాడు! మోకాళ్ల వాపుకు డాక్టరిచ్చిన మాత్రలు మానేసి, పట్టుకు రంగు వేయడానికి ఎండబెట్టిన దానిమ్మ తొక్కలు కాచుకుని తాగుతున్నాడట. అందులో పటిక కూడా.

"పటిక ఎయ్యకుంటే పట్టుకే రంగు పట్టదు, ఇంక ఒంటికేం పడతాది?" అని నాకే పాఠం.

ఒళ్ళు మండింది. "నాయనా, రంగు తొట్టిలో రంగు బాగుంటే చీర బాగున్నట్టేనా?"

"అదెట్లయితాది? పట్టు ఆరినాక కదా తెలిసేది."

"నా పని ఇంకా తొట్టిలోనే ఉండాది. గిన్నెలో కణాలు వేరు, నీ మోకాళ్లు వేరు. ఆ నీళ్లు పారబోసి మాత్రలు వేసుకో."

"సరే, వేసుకుంటాలే. మరి నీది ఆరేదెప్పుడు పాపా?"

రేపు మళ్ళీ చేస్తాను, మళ్ళీ తగ్గుతుంది. అందులో నాకు అనుమానం లేదు. అదే వేళకు నాయన వాచిన మోకాళ్లతో మగ్గం తొక్కుతుంటాడు. ఆరేదెప్పుడో...