వార్నిష్ కోసం కాదు

నాన్నకి,

చెంచాడు వార్నిష్ కోసం ఇల్లు వదిలేసిన పిల్లనట నేను. అన్నయ్య ఫోన్ చేసి మరీ అడిగాడు: "కాయిల్ మీద నాన్న వార్నిష్ వేశాడని ఊరు దాటిపోతావా? పొగరు కాకపోతే ఏంటే అది?" పక్కనుంచి అమ్మ, "చిన్నప్పట్నుంచీ అంతే, ముక్కు మీద కోపం" అంటోంది. ఇంత చదివినా మీ ఇంట్లో నాకు మిగిలిన గుణం అదొక్కటే. తలుపు గట్టిగా పడితే కోపం, ఒక పూట తినకపోతే కోపం, గిటారు మోగితే మరీ కోపం.

ముందు ఆ వార్నిష్ సంగతి తేల్చేస్తాను. గిటారు తీగల కింద ఉండే పికప్ కూడా నువ్వు షాపులో మోటార్లకి చుట్టే కాయిల్ లాంటిదే. కాకపోతే వెంట్రుక కంటే సన్నని రాగి తీగని అయస్కాంతాల చుట్టూ చుడతారు. పైన తీగ ఊగితే అందులో కరెంటు పుడుతుంది, దాన్నే ఆంప్ పెట్టె పెద్దది చేసి మోగిస్తుంది. నాకు ఒకే గిటారులో రెండు గొంతులు కావాలి. నెమ్మది పాటలకి పాతకాలపు తేట స్వరం, గట్టి పాటలకి కరకరలాడే రాక్ మోత. చుట్లు తగ్గితే తేట, పెరిగితే బరువు. ఆ రెంటి మధ్య ఆర్నెల్లు ఊగి నాలుగు పికప్‌లు మార్చాను. గిటారు మెడ వైపున్న పాత పికప్ తియ్యగా పలికేది గానీ, ఆంప్ పెంచితే కీచుమని అరిచేది. ఒక పొద్దున నేను లేచేసరికి నువ్వు దాన్ని ఊడదీసి, మోటారు కాయిల్‌ని ముంచినట్టే వార్నిష్‌లో ముంచి, ఎండలో ఆరబెట్టేశావు. "తీగ వదులుగా ఉండి వణుకుతోందే, అందుకే ఆ గోల. ఇప్పుడు పెంచి చూడు" అన్నావు. గోల పోయింది. దానితోపాటు ఆ తేటదనమూ పోయింది. ఆ రోజు ఏడ్చాను, నిజమే. కానీ ప్రేమతో చేసిన పనికి ఇల్లు వదిలేంత మూర్ఖురాలిని కాను.

అంతకు వారం ముందు జరిగింది నీకు తెలియదు. ఆ కీచు పికప్‌దా, ఆంప్‌దా తేల్చుకోవాలని గిటారుని నీ షాపు బల్ల మీద పెట్టాను. పొడుగు వైరు లాగి, లోపలి గదిలో ఆంప్ ముందు హెడ్‌ఫోన్ తగిలించుకుని కూర్చున్నాను. గోడలకి చెవులుంటాయంటారు, వార్నిష్ లేని పాత కాయిల్‌కి కూడా ఉంటాయి నాన్నా. దాని మీదికి వంగి మాట్లాడితే ఆ మాట ఆంప్‌లో సన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు వినిపిస్తుంది. నువ్వు భూతద్దం పట్టుకుని వంగినట్టున్నావు. అమ్మ ఏదో అడిగింది, అది నాకు అందలేదు. నీ జవాబు అందింది.

"వాయించడం వస్తే వాయిద్యంతో పేచీ ఎందుకే? చేతకాకే పూటకో కాయిల్ మారుస్తోంది. దాని మొహం, దానికి చెయ్యి లేదు. మోజు తీరాక షాపులో కూర్చుంటుందిలే."

హెడ్‌ఫోన్ తీసేసి, టీ కాచి నీకు తెచ్చి ఇచ్చాను. "ఏమే రేకుడబ్బా, దొరికాడా దొంగ?" అని నవ్వావు. నేనూ నవ్వాను.  ఆ మాటే ఎదురుగా అని ఉంటే పోట్లాడి తేల్చుకునేదాన్ని. చాటుగా, అంత తాపీగా, రేపు ఎండ కాస్తుందన్నట్టు అన్నావు. ఆ మాట తప్పని చూపించడానికే ఇక్కడికొచ్చాను. ఒక బ్యాండులో గిటారు వాయించేవాళ్ళు కావాలట. వచ్చే వారం నా వాయింపు విని చూస్తారు. అందులో చేరాకే నీకు ముఖం చూపిస్తాను.

నీ
రేకుడబ్బా

*

నాన్నా,

నీ జవాబు వచ్చింది. నాలుగు వాక్యాలు, నాలుగూ నట్లు బిగించినట్టున్నాయి. "అన్నాను. అనలేదని బొంకను. నీ చెవిన పడాలని అనలేదు. వచ్చెయ్, షాపు బోర్డు మీద నీ పేరు కూడా రాయిస్తాను." ఇంకో తండ్రయితే బుజ్జగించేవాడు. రెండు రోజులు నిన్ను తిట్టుకున్నాను. తర్వాత నువ్వు అబద్ధం ఆడనందుకే కొంచెం ఊపిరాడింది.

బ్యాండువాళ్ళు నన్ను తీసుకోలేదు. డ్రమ్స్ వాయించే అమ్మాయి తెగ మొహమాటపడిపోయింది. "గిటారు సౌండ్ అదిరింది అక్కా. ఎంత పెంచినా కీచుమనలేదు. నువ్వే కాస్త... తాళానికి వెనకబడుతున్నావ్." ఆగి, "మా గిటారుకి కూడా అలా చేసిపెడతావా?" అంది. ఆ సౌండ్‌లో సగం నీ వార్నిష్‌ది. నవ్వాలో ఏడవాలో తెలియక గిటారు సంచిలో సర్దుకున్నాను.

వాళ్ళే ఒక గిటార్ల రిపేరు షాపు చూపించారు. షాపు నడిపే ఆవిడ నీ వయసు మనిషి. ఎవరొచ్చినా కళ్ళద్దాల పైనుంచే చూస్తుంది. ఎవరో తిరిగిచ్చేసిన గిటారు నా చేతిలో పెట్టి, "దీనికేం రోగం?" అంది. ఒక్కసారి మీటాను. "మోత బాగుంది, రాక్‌కి సరిపోతుంది. కానీ పై తీగలు జలుబు చేసినట్టున్నాయి. చుట్లు ఎక్కువయ్యాయి, ఒక వెయ్యి విప్పాలి" అన్నాను.

"వెయ్యా? లెక్కపెట్టావా ఏంటి?"

"మా నాన్న మోటారు మోత వినే ఏ కాయిల్ కాలిందో చెప్పేస్తాడండీ."

ఇద్దరం కలిసి విప్పాం. ఎనిమిది వందల దగ్గర నేనే ఆపమన్నాను. మళ్ళీ బిగించి మీటితే కింది తీగలు కరకరమన్నాయి, పై తీగలు తేటగా పలికాయి. ఆర్నెల్లు వెతికిన రెండు గొంతులూ ఎవరిదో ఊరూ పేరూ లేని గిటారులోంచి వచ్చాయి. వాయించాలన్న తొందర నాకు కలగలేదు. ఇంకో కాయిల్ విప్పి చూడాలనిపించింది. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని, "చెయ్యి సంగతి నాకు తెలీదు గానీ, చెవి గట్టిదే. రేపు తొమ్మిదింటికి రా. తొమ్మిదీ అయిదుకి వస్తే తిరిగి వెళ్ళిపో" అంది. పదిహేను రోజులుగా తొమ్మిదికి ముందే వెళ్తున్నాను.

నీ మాట సగం నిజం. నాకు చెయ్యి లేదు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాలుగు కాగితాలు చింపాను. రెండో సగం మాత్రం నువ్వు తప్పు చదివావు. చేతకాక కాయిల్స్ మార్చాననుకున్నావు. కొన్నాళ్ళు నేనూ అలాగే అనుకుని సిగ్గుపడ్డాను. మార్చడంలోనే నా ప్రాణం ఉందని నీకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. రోజంతా కాలిన కాయిల్ ముందు కూర్చుని తిండి మరిచిపోయే మనిషివి, నీకైనా తట్టాల్సింది.

బోర్డు మీద నా పేరు రాయించకు. నేను షాపుకి రాను. ఇంకో బ్యాండు కూడా వెతకను. ఇక్కడే ఉండి పికప్‌లు చుడతాను.

నీ
అమ్మాయి