ఎడమవైపు చిత్రంపై అభ్యంతరం

బెల్లంపల్లి,
నవంబరు 19, 2024.

కరీంనగర్‌లోని మన సంఘ ప్రధాన కార్యాలయంలో, ఏ బల్ల వెనుక ఎవరు కూర్చుంటారో క్షేత్రస్థాయి సిబ్బందికి నేటికీ తెలియనివ్వని గౌరవనీయ అధికారులకు,

ప్రభువు నామమున వందనములు. కింది విషయాన్ని నిర్ణయించగలవారు మీలో ఎవరో తెలియనందున, నిర్ణయించలేనివారు కూడా దయతో చదవగలరని ముందుగా మనవి.

మన ప్రత్యాశ యువజనాభివృద్ధి సంఘం ఇక్కడి గని కాలనీ చర్చి ఆవరణలో కట్టించిన శిక్షణ శాల వచ్చే ఆదివారం ప్రారంభమవుతున్నది. కుట్టుమిషన్లు వచ్చాయి. కంప్యూటర్లు వచ్చాయి. వాటన్నిటికంటే ముందు ఫ్లెక్సీ వచ్చింది. దాన్ని చర్చి గోడకు కట్టారు.

అందులో రెండు చిత్రాలు. కుడివైపు, కంప్యూటర్ ముందు కూర్చున్న యువతి, శీర్షిక 'తరువాత'. ఈ చిత్రంపై నాకు అభ్యంతరం లేదు. ఎడమవైపు, చిరిగిన గొంగడి చుట్టుకొని, ముఖమంతా నల్లబడి, ఏడుస్తున్న బాలిక, శీర్షిక 'ముందు'. దాని కింద 'తాగుబోతు తండ్రి నీడలో, ఒంటికి సరైన బట్ట లేక' అని అచ్చయింది. తండ్రి పేరు వేయకపోవడం కార్యాలయం చూపిన మర్యాద. ఆ బాలికను గుర్తుపట్టనివారు కాలనీలో లేకపోవడం కార్యాలయం ఊహించని అసౌకర్యం.

ఆ తండ్రి రాయమల్లు గారు. బొగ్గుబాయిలో పనిచేసి విరమించారు. చర్చిలో డోలక్ వాయించేది ఆయనే. మద్యం ముట్టరు, దావతులలో ఆయన గ్లాసులో నిమ్మరసం చూసి బామ్మర్దులు నవ్వడం కాలనీకి పాత వినోదం. ఫ్లెక్సీ కట్టిన తరువాత ఆయన ఆరాధనకు రావడం మానేశారు. డోలక్ మూలన ఉంది. పాటల్లో తాళం తప్పుతున్నది. దీనికి బాధ్యులెవరో తేల్చే అధికారం నాకు లేదు.

మా పాస్టర్ అయ్యగారు ఇంటికి వెళ్లి పిలవగా రాయమల్లు గారు, "నేనేడ కూసోవాలె అయ్యగారూ, గా బొమ్మ కిందనా?" అని మాత్రం అడిగారట. ఆయన భార్య యాదవ్వ లోపలి నుంచే, "బాయిల పనిజేసినోళ్లల్ల ఈయనొక్కడే తాగకపాయె. ఇగ రేపటిసంది తాగుమంట తియ్యి, మీరు రాసింది అబద్ధం గాకుంట ఉంటది" అన్నదట. అయ్యగారు చాయ తాగి తిరిగివచ్చారు.

ఇక గొంగడి సంగతి. ఆ ఫొటో తీసినది సంఘం వారు తొలిసారి మా కాలనీకి వచ్చిన రోజున. అది క్రిస్మస్ నాటిక రోజు. బాలికది గొర్రెల కాపరి వేషం. గొంగడి రాయమల్లు గారిదే. చలికాలం పొద్దుటి షిఫ్టుకు కప్పుకొని వెళ్లేది. కాపరి గొంగడిలా పాతబడి కనిపించాలని దాని అంచులు ఆయనే కత్తిరించి, చింపి, బిడ్డ కొలతకు కుట్టారు. ముఖం మీది నలుపు బొగ్గు కాదు. కాటుకతో దిద్దిన మీసం, గడ్డం. ఏడుపుతో చెదిరిపోయాయి. ఫొటో తీసినాయన నాటిక మొదలుకాకముందే భోజనానికి వెళ్లిపోయినందున, ఈ వివరాలు ఆయనకు తెలిసే అవకాశం కలగలేదు.

ఇదంతా ప్రచార విభాగం సాయిచంద్ గారికి ఫోనులో విన్నవించాను. ఆయన ఓపికగా విని, "మేడమ్, తండ్రి మంచోడని రాస్తే ఇగ మనం బాగుచేసింది ఏంది? దాతలు పరేషాన్ అయితరు" అన్నారు. ఫ్లెక్సీ మార్చాలంటే పైనుంచి అనుమతి కావాలని, పైన ఎవరున్నారో తనకూ స్పష్టంగా తెలియదని చెప్పారు. అందుకే ఈ లేఖ మీ అందరికీ రాయవలసి వచ్చింది.

కావున లాంఛనంగా నమోదు చేయు కోరికలు:

1. ప్రారంభోత్సవానికి ముందే ఆ వాక్యాన్ని తొలగించాలి.

2. అది అసత్యమని సంఘం తరఫున ఆరాధనలో చదివి వినిపించాలి. రాయమల్లు గారు రానిపక్షంలో, ఆయన వాకిట్లో నిలబడి చదవాలి.

విధేయురాలు,
నవనీత
శిక్షణ శాల సమన్వయకర్త

తా.క.: కుడివైపు కూర్చున్నది నేను. ఫైలుకని ఫొటో అడిగితే ఇచ్చాను. ఎడమవైపు ఏడుస్తున్నదీ నేనే. ఏడ్చింది ఆకలికి కాదు. దేవదూత రెక్కలు అయ్యగారి అమ్మాయికి కట్టి, నాకు మీసం పెట్టినందుకు. ఆ రోజు మా బాపు నా నడుముకు తాడు బిగిస్తూ, "గా పిల్లయి అట్టముక్క రెక్కలే బిడ్డా, నీది అసలు గొంగడి" అన్నాడు. సంఘం నాకు చదువు చెప్పించిన మాట నిజం. దాన్ని రుజువు చేయడానికి మా బాపు తాగవలసిన అవసరం లేదు. కావున మరొకటి నమోదు చేస్తున్నాను.

3. ఎడమవైపు చిత్రం లేనిదే ప్రారంభోత్సవం జరగదనుకుంటే, దాని కింద ఈ ఒక్క వాక్యమే అచ్చువేయించాలి: 'గొర్రెల కాపరి వేషం కుట్టినవారు: రాయమల్లు.'