ఎండుచేపల మీద నింద

అమ్మా,

బీపీ పెరిగి నువ్వు పోయి ఏడాదైందని డిగ్నాబాద్‌లోని మన ఇంట్లో జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టించాను. నీకిష్టమని ఎండుచేపల పులుసే వండాను. వడ్డిస్తుంటే పిన్ని అందరి ముందూ అనేసింది: "ఈ చేపలే అక్కని తినీసేయి. నోరు కట్టుకుంటే బతికీది కదా, క్యా కరే, ఏం చేస్తాం!"

నాకూ బీపీ ఉందని మొన్ననే తేలింది. ఊరుకోలేకపోయాను.

"నువ్వూ అదే తిన్నావు కదా పిన్నీ, నీకు బీపీ రాలేదే? కొందరి కిడ్నీల్లో కణాలు ఉప్పులోని సోడియాన్ని సరిగ్గా బయటికి పోనివ్వకుండా మళ్ళీ రక్తంలోకే లాగేస్తాయి. అమ్మ ఒళ్ళే అలాంటిదేమో. తిండియావ అనకు."

ఉప్పుకి అసలు వాటా లేదని నేననలేను. నిందంతా నీ మీద వేస్తే మాత్రం ఒప్పుకోను.

"చాల్లే టీచరమ్మా" అంటూనే పిన్ని రెండోసారి పులుసు వేయించుకుంది. నేను ఉప్పు లేని పెరుగన్నం తిన్నాను. నువ్వుంటే "ఆ చప్పిడి మెతుకులేంటే?" అని తిట్టేదానివి. తిట్టుకో. నేనింకా బతకాలి.