కిందపడిన మీ ఓడ

ఏమండీ,

మీరు దూరమై ఇవాళ్టికి ఏడాది. సాయంత్రం ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. పూల కోసం పాలకొల్లు బజారుకు వెళ్ళి వచ్చేసరికి, మీ ఓడ నేల మీద ముక్కలై పడి ఉంది.

కాలేజీలో పాఠాలు చెప్పి రాగానే బల్ల దగ్గర కూర్చుని, చిన్న చిన్న ప్లాస్టిక్ ఇటుకలు ఒక్కొక్కటే బిగిస్తూ నెలల తరబడి మీరు కట్టిన ఓడ అది. చేతిలోని పూల సంచి ఎప్పుడు జారిపోయిందో కూడా తెలియలేదు.

"దుమ్ము తుడుద్దామని కదిపానమ్మా. చెయ్యి పట్టు తప్పింది," అన్నారు అత్తయ్యగారు, ఆ ముక్కల మధ్యే కూలబడి. "ఈ వయసులో బొమ్మలేంట్రా" అని మిమ్మల్ని రోజూ దెప్పిన మనిషి, నన్ను చూసి తల దించుకుని ముక్కలు దగ్గరికి చేర్చుకుంటున్నారు.

ఓడనైతే మళ్ళీ కట్టొచ్చు. కానీ ఆ ఇటుకల్ని బిగించిన వేళ్ళు మీవి. ఇక మీదట అది నా చేతి పనే అవుతుంది.

వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఇటుకలతో పాటు వచ్చిన, ఓడ ఎలా కట్టాలో చూపే బొమ్మల పుస్తకం చూసుకుంటూ అడుగుభాగం మొదలుపెట్టాను. ఆవిడ రంగు చూసి ఇటుకలు ఏరి ఇస్తున్నారు. పొగగొట్టం ఒక్కటే చెక్కుచెదరలేదు. మొత్తం మొదటి నుంచి కడదామని దాన్నీ విప్పబోయాను.

అత్తయ్యగారు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు. "అది విప్పకమ్మా. అది వాడు బిగించింది."

దాన్ని అలాగే ఉంచి, దాని కిందికి ఓడ కడుతున్నామండీ.