మంచు మీద ఆఖరున నడిచేవాడు

గిమ్లి,
జూన్ 10, బుధవారం.

చిరంజీవి హాల్డర్‌ను దీవించి నాయనమ్మ రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. నా మోకాలు నీ మోకాలి కంటే కూడా బాగుంది. అక్కడ నువ్వు, మారెన్, చిన్నది ఉనా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. జవాబు పోస్టులో వేస్తే శనివారం లోపల నీకు చేరదు. మీ నాన్న రేపు తెల్లవారుజాము బండిలో అక్కడికి వస్తున్నాడు కాబట్టి పొగబెట్టిన చేపలతో పాటు దీన్నీ పంపిస్తున్నాను. చేపలు ముందు ఫ్రిజ్‌లో పెట్టి ఆ తర్వాత ఉత్తరం చదువు. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు నన్ను సగంలో ఆపుతావు. ఇది సగంలో ఆపే సంగతి కాదు.

నువ్వు ఐదు ప్రశ్నలు అడిగావు. వరుసగా చెబుతాను, చివరి రెండూ తప్ప. వాటిని ఆఖరికి ఉంచుకున్నాను.

మీ నాన్న భుజం నయమవుతోంది. వలలు లాగవద్దని డాక్టర్ చెప్పింది. లాగడం లేదని ఆమెకు చెప్పి వచ్చి లాగుతున్నాడు. సరస్సు మీద మంచు మే పదకొండున కదిలింది, కిందటేడాది కంటే నాలుగు రోజులు ఆలస్యం. వినార్‌టెర్టా కేకు సంగతికొస్తే, మారెన్‌ను ఏడు పొరలు వేయమను. ఐదు పొరలతో సరిపెట్టేవాళ్లు ఉన్నారు, వాళ్లు మన బంధువులు కారు. ప్రూన్ పళ్ల ముద్దలో ఏలకులు అప్పటికప్పుడు దంచి వేయాలి. చేసిన మూడో రోజు దాకా కోయకూడదు. ఉనాకు పన్ను ఊడిందన్నావు. ఏ తారీఖున ఊడిందో రాయలేదు, రాసి పంపు.

ఊళ్లో నీ గురించి తప్ప వేరే మాట లేదు. మంగళవారం రొట్టెల కొట్టులో విల్లీ, అతని తమ్ముడు ఐనార్ కాఫీ ముందు పెట్టుకుని కూర్చున్నారు. నేను వెళ్లేసరికి విల్లీ మీ ఐస్ హాకీ జట్టు సగటు వయసు ముప్పై మూడని చెబుతున్నాడు. ముప్పై ఒకటీ నాలుగు నెలలు అని సరిచేశాను.

"ఏ వయసైతేనేం టీచరమ్మా, మొత్తం ముసలి గుంపే. గోల్‌కీపర్ వంగితే మళ్లీ లేస్తాడో లేడోనని నాకు భయమేస్తుంది" అన్నాడు విల్లీ.

"నువ్వు కుర్చీలోంచి లేచి చూపించు ముందు" అన్నాడు ఐనార్. తర్వాత నా వైపు తిరిగి, "అసలీ పద్ధతేంటండీ? ఎడారిలో కొత్త జట్టు పెడుతున్నారని పాత జట్లన్నీ తలా ఒకణ్ణి వదులుకోవాలా? అక్కడ మంచు అంటే ఫ్రిజ్‌లో ఉండేదే కదా" అన్నాడు.

"పదకొండు మందిని వాళ్లు ముట్టుకోకుండా దాచుకోవచ్చు. వాళ్లలో వెనక కాసేవాళ్లు ముగ్గురే ఉండాలి" అన్నాను.

"ముగ్గుర్లో మన హాల్డర్ ఉంటాడుగా. వాడి ఒప్పందంలోనే రాసి ఉంది, వాడి ఇష్టం లేకుండా వాణ్ణి కదపకూడదని" అన్నాడు ఐనార్.

"వాడంతట వాడు వదులుకుంటే తప్ప" అన్నాడు విల్లీ.

"ఎవడైనా వదులుకుంటాడా? నీకేమైనా మతి పోయిందా?"

నేను రొట్టె తీసుకుని వచ్చేశాను. ఆ హక్కును శనివారం లోపల వదులుకోమని జట్టు మేనేజర్ డెస్ నిన్ను అడిగాడనీ, నువ్వు వదులుకుంటే ఆ మూడో చోటు నీ పక్కన ఆడే ఇరవై నాలుగేళ్ల ఎలియాస్‌కు దక్కుతుందనీ వాళ్లకు తెలియదు. నా నోటి నుంచి తెలియనివ్వను.

ఇక నీ నాలుగో ప్రశ్న. "నాయనమ్మా, డెస్ నీకు ఫోన్ చేశాడా?" అని అడిగావు.

చేశాడు. నిన్ను అడగడానికి తొమ్మిది రోజుల ముందే చేశాడు.

నువ్వు ఏడాది పిల్లవాడిగా ఉన్నప్పుడు డెస్ పదిహేడేళ్ల వయసులో మన ఊరి జట్టుకు ఆడుతూ రెండు చలికాలాలు మన ఇంట్లో ఉన్నాడు. మేడ మీద గదిలో పడుకునేవాడు, నా చేతి బంగాళాదుంపలు తినేవాడు, నా క్లాసులోనే లెక్కలు తప్పేవాడు. కాబట్టి అతను ఫోన్ చేస్తే నాకు వింత అనిపించలేదు.

"టీచరుగారూ, హాల్డర్ ఆటల పుస్తకాలు ఇంకా రాస్తున్నారా?" అని అడిగాడు.

"పళ్లు తోముకుంటున్నారా అని కూడా అడుగు" అన్నాను.

నవ్వి, "ఈ ఏడాది ప్రతి ఆటలోనూ చివరి ఇరవై నిమిషాల్లో వాడి లెక్క ఎలా ఉంది?" అన్నాడు.

నాయనా, నీకు ఎనిమిదేళ్లు వచ్చినప్పటి నుంచి ఏడాదికొక పుస్తకం చొప్పున ఇరవై ఎనిమిది పుస్తకాలు రాశాను. ఇన్నేళ్లలో ఒక్కరైనా వాటిని చూపించమని అడగలేదు. నువ్వూ అడగలేదు. మీ నాన్న ఒకసారి పుస్తకం మీద కాఫీ కప్పు పెట్టాడు. ఇప్పుడు ఒక పెద్ద జట్టు మేనేజర్ అడుగుతున్నాడు. నాకు సంతోషమేసింది. ఆ సంతోషంలో కళ్లజోడు పెట్టుకుని, క్లాసులో చదివే గొంతుతో చదివి వినిపించాను. "చివరి ఇరవై నిమిషాల్లో వాడు మంచు మీద ఉండగా మన మీద పడిన గోల్స్ పంతొమ్మిది. కిందటేడాది ఎనిమిది."

"థాంక్స్ టీచరుగారూ" అన్నాడు. అంతే.

తొమ్మిది రోజుల తర్వాత అతను హక్కు వదులుకునే కాగితం నీ ముందు పెట్టాడు. నీ ఉత్తరంలో "బహుశా నా కాలం అయిపోయిందేమో, అంకెలు కూడా అదే చెబుతున్నాయట" అని రాశావు. ఆ అంకెలు ఎవరివో నీకు తెలియదు. అవి నావి. ఈ మాట రాయడానికి నాకు ఐదు రోజులు పట్టింది.

ఆ ఐదు రోజులూ ఊరికే కూర్చోలేదు. లెక్క ఒకసారి తప్పు చోట వాడాక దాన్ని మొదటి నుంచి సరిచూడాలి. విల్లీ కూతురు నీ ఆటలన్నీ దాచి ఉంచింది. ఆ పంతొమ్మిది గోల్స్‌నూ ఒక్కొక్కటిగా చూశాను, కొన్నింటిని నాలుగుసార్లు. నేను ఇన్నాళ్లూ పుస్తకంలో నువ్వు ఉన్నావా లేవా అన్నదే రాశాను. నీ పక్కవాడు ఎక్కడున్నాడో రాయడానికి గడి పెట్టలేదు.

పంతొమ్మిదిలో పదకొండుసార్లు జరిగింది ఒకటే. అలసిన ఆటగాళ్లు బల్ల దగ్గరకు వెళ్లి కొత్తవాళ్లు దిగే ఆ నాలుగైదు క్షణాల్లో నువ్వు కర్రతో మంచును రెండుసార్లు తట్టావు. ఎలియాస్ ముందు వెళ్లిపోయాడు. నువ్వు ఉండిపోయావు. వెనక ఒక్కడివే ఉండగా వాళ్లు వచ్చి పడ్డారు. ఎలియాస్ కిందటి వేసవిలోనే మీ జట్టుకు వచ్చాడు. ఆ పదకొండు తీసేస్తే మిగిలేది ఎనిమిది. కిందటేడాదీ ఎనిమిదే.

ఆ రెండు తట్లు నేను ఎలా గుర్తుపట్టలేదో నాకే సిగ్గుగా ఉంది. నలభై ఒక్క చలికాలాలు మీ తాత సరస్సు మీద వలలు వేసి తిరిగి వచ్చేటప్పుడు జట్టు పెద్దగా ఆఖరున నడిచేవాడు. ముందు నడిచేవాళ్లు ఆగిపోతే గునపంతో మంచును రెండుసార్లు తట్టేవాడు. పదండి, నేను వెనక ఉన్నాను అని. నిన్ను ఐదేళ్లప్పుడు వెంట తీసుకెళ్లాడు. నువ్వు అక్కడే నేర్చుకున్నావు. నేను కిటికీలోంచి ఆయన్ని లెక్కబెట్టుకుంటూ అన్నేళ్లు నిలబడ్డాను. టీవీలో అదే కనిపిస్తే నీ పేరు కింద తప్పు గీత గీశాను.

సోమవారం ఉదయం తొమ్మిదింటికి డెస్ ఆఫీసుకు ఫోన్ చేశాను. మీటింగ్‌లో ఉన్నారన్నారు. "లెక్కల్లో ముప్పై తొమ్మిది మార్కులు తెచ్చుకున్న డెస్మండ్‌తో వాళ్ల టీచరు మాట్లాడాలంటోందని చెప్పండి" అన్నాను. అర నిమిషంలో వచ్చాడు.

"నేను నీకు తప్పుడు లెక్క చెప్పాను. పంతొమ్మిదిలో పదకొండు తీసేయ్" అన్నాను.

అంతా విన్నాడు. తర్వాత, "నాకు తెలుసు టీచరుగారూ. మా దగ్గర ఆటలు తిప్పి తిప్పి చూడటానికి ఐదుగురున్నారు" అన్నాడు.

"తెలిసి నన్నెందుకు అడిగావు?"

"మీరు కూడా అదే చెబితే నాకు కాస్త నిద్ర పడుతుందని."

"నీ నిద్ర కోసం రాశానా నేను?"

"హాల్డర్ సంతకం పెట్టకపోతే ఎలియాస్‌ను పట్టుకుపోతారు. ఇంకో పదేళ్లు ఆడే కుర్రాడు. వేరే ఎవరిని వదులుకోమని అడిగినా మొహం మీద తలుపేస్తారు. వాడొక్కడే ఆలోచిస్తాడు."

"ఆలోచిస్తాడు కాబట్టి వాణ్ణే అడిగావు."

"అవును" అన్నాడు.

నిజం మాత్రం చెప్పాడు. "నీకు ఆ ముప్పై తొమ్మిదే ఎక్కువ" అని పెట్టేశాను. ఎంతైనా మన ఇంట్లో తిన్నవాడు కాబట్టి చేపల్లో రెండు అతనికివ్వు. పెద్దవి కాదు.

నీ ఐదో ప్రశ్న, "నువ్వయితే ఏం చేస్తావు?" అన్నది. నేనయితే సంతకం పెట్టను. ఆ హక్కు నువ్వు పదకొండేళ్లు ఆడి సంపాదించుకున్నది. ఉనా బడి అక్కడే ఉంది, కప్పు ఇంకా మీకు దక్కలేదు. కానీ నువ్వు నేను కాదు. నీ ఎడమ మలుపు నెమ్మదించిన మాటా నిజమే, అది దాచను. నేను అడిగేదొక్కటే. పెడితే ఎలియాస్ కోసం పెట్టు. నీ కాలం అయిపోయిందని మాత్రం పెట్టకు. ఆ మాటకు ఆధారమైన అంకెలు రాసింది నేను, కొట్టేసిందీ నేనే.

ఇంకొకటి. మీ తాత ఆఖరున నడిచాడు గానీ ప్రతిసారీ ఒడ్డుకు వచ్చాడు. చేతి తొడుగులు పొయ్యి మీద ఆరబెట్టి అన్నం తిన్నాడు. డెబ్బై తొమ్మిదేళ్లకు తన మంచంలో, నాతో వాదిస్తూ పోయాడు. అందరినీ ముందు పంపినవాడు మంచు మీదే ఉండిపోవాలని ఆయన ఎప్పుడూ అనలేదు.

ఆ ఎడారి ఊరి గడియారం మనకంటే రెండు గంటలు వెనక అని చూశాను. పదింటికి పడుకోవడం నాకు యాభై ఏళ్ల అలవాటు. అవసరమైతే మార్చుకుంటాను.

ఇరవై తొమ్మిదో పుస్తకం నిన్న కొన్నాను. గడులు గీశాను. నీ పక్కవాడు ఎక్కడున్నాడో రాయడానికి ఈసారి ఒక గడి ఎక్కువ పెట్టాను. అట్ట మీద నీ పేరు రాశాను. జట్టు పేరు రాసే చోటు వదిలేశాను. నేను పెన్సిల్ వాడనని నీకు తెలుసు కదా. శనివారం సాయంత్రం ఫోన్ చేసి చెప్పు, సిరాతో రాసుకుంటాను.

ఇట్లు,
నిన్ను లెక్కబెట్టుకుంటూ కిటికీ దగ్గర ఉండే
నీ నాయనమ్మ,
థోరా.