రాగి చెంబులో పంపిన నీళ్ళు

సత్యనారాయణపేట,
బళ్ళారి.

పెద్దమ్మకు నమస్కారాలు.

పోయినసారి ఫోన్లో చెప్పిన మాట ఊరంతా పాకింది కాబట్టి ఈసారి కాగితం మీద రాస్తున్నాను. మన దేశనూరు బావి నీళ్ళలో పాదరసం లేదు.

ల్యాబులో నేను తయారుచేసిన రంగుమందు పాదరసం తగిలితే గులాబీగా మారుతుంది. నువ్వు పంపిన నీళ్ళలో మారింది. "బాగ చూసినావా అమ్మీ?" అని అడిగావు కూడా. చూశానన్నాను. ఆ ఒక్క మాటతో జనం మౌనేశాచారి మామ మీద పడ్డారు. దేవుడి వెండి ముఖాలకు పాదరసంతో బంగారు పూత వేసేది ఆయనే కదా. "నీ పాదరసమే మా బాయిలోకి వస్తాండాది" అన్నారట. ఆయన దుకాణానికి తాళం వేసి కంప్లి వెళ్ళిపోయాడు.

నిన్న అదే బావి నీళ్ళు గాజు సీసాలో తెప్పించి చూశాను. రంగు మారలేదు. తాగే నీళ్ళు ప్లాస్టిక్‌లో పంపకూడదని నువ్వు చింతపండుతో తోమిన రాగి చెంబులో పంపావు. నా రంగుమందు రాగికి కూడా మారుతుంది. అది ముందే చూసుకోవలసింది నేను, నీ తప్పేమీ లేదు. ఆ రంగుమందు నా పీహెచ్‌డీకి నాలుగేళ్ళ పని, అది తప్పిందని మా గైడ్‌కు ఇంకా చెప్పలేదు. ముందు నీకే రాస్తున్నాను.

ఈ ఉత్తరం బావి దగ్గర అందరూ వినేలా చదివించు. ఆదివారం కంప్లి వెళ్ళి మామ కాళ్ళు పట్టుకుంటాను. నువ్వూ రా. చిన్నప్పుడు నా చెవులు కుట్టి, ఏడవకుండా నోట్లో బెల్లం ముక్క పెట్టింది ఆయనే. ఒక్కదాన్నే ఆ గడప ఎక్కలేను.

నీ చెల్లెలి కూతురు